డొమైన్ మార్చాక సైటు గూగుల్‌లో మాయమైతే ఎక్కడెక్కడ వెతకాలి?

కార్తీక మాసం ఇంకో వారంలో మొదలవుతుందనగా మాస్టారి నుంచి ఫోను. "ఏటైపోయింది బాబూ నా సైటు? గూగుల్‌లో పాతదీ లేదు, కొత్తదీ లేదు!"

ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. అరకులో నాలుగు గదుల బస నడుపుతారు, ఆఫీసు మాత్రం ఇక్కడ విశాఖలో, మద్దిలపాలెంలో. పాత డొమైన్ పేరులో రెండు హైఫన్లు ఉండేవి. ఫోన్లో ఎవరికైనా చెప్పాలంటే నోరు తిరిగేది కాదు. అందుకని సెప్టెంబరులో చిన్న పేరు ఒకటి కొని, పాతదాన్ని కొత్తదానికి రీడైరెక్ట్ చేయించారు. బ్రౌజర్లో పాత పేరు కొడితే కొత్త సైటు చక్కగా తెరుచుకుంటోంది. గూగుల్‌కి మాత్రం ఆ బస అనేదే లేనట్టుంది. నవంబరు నుంచి జనవరి దాకా వచ్చే బుకింగుల మీదే ఆయన ఏడాది గడవాలి, టెన్షన్ పడక ఏం చేస్తారు!

ఆ సైటు సరిచేయడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. గూగుల్ దాన్ని మళ్ళీ ఎక్కించుకోవడానికి అయిదు వారాలు పట్టింది. ఆ సాయంత్రం ఏ వరసలో చూశానో అదే వరసలో రాస్తున్నాను. మీ సైటు వర్డ్‌ప్రెస్ మీద ఉన్నా, ఇంకో దాని మీద ఉన్నా ఈ వరస మారదు.

ముందు చేతులు కట్టుకోండి

సైటు కనబడకపోగానే అందరూ చేసే పని, ఏదో ఒకటి మార్చేయడం. మాస్టారు కూడా అంతే. కంగారులో రీడైరెక్ట్ తీయించి రెండు రోజులు పాత సైటే నడిపి, మళ్ళీ పెట్టించారు. గూగుల్ వైపు నుంచి ఆలోచించండి. ఇల్లు మారామన్నారు, మారలేదన్నారు, మళ్ళీ మారామన్నారు. నేను చూసినంతలో మొదటి మార్పు కంటే, భయంతో చేసిన రెండో మార్పు వల్లే ఎక్కువ సైట్లు దెబ్బతిన్నాయి.

కాగితం తీసి నాలుగు సంగతులు రాయండి: డొమైన్ ఏ తేదీన మారింది, అప్పుడే హోస్టింగ్ (సైటు ఫైళ్ళు ఉండే సర్వర్) కూడా మారిందా, థీమ్ మారిందా, లోపలి పేజీల అడ్రసులు మారాయా. మాస్టారి విషయంలో డొమైన్, హోస్టింగ్ రెండూ ఒకే రోజు మారాయి. ఇలా రెండూ కలిపి మారిస్తే తప్పు ఎక్కడుందో విడదీయడం కష్టమవుతుంది.

నిజంగా పోయిందా, వెనక్కి జరిగిందా?

గూగుల్ పెట్టెలో ఇంగ్లిషులో సైట్ అని కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా డొమైన్ పేరు రాసి వెతకండి. కొత్త డొమైన్ పేజీలు కనిపిస్తే మీ సైటు ఇండెక్స్‌లో, అంటే గూగుల్ జాబితాలో, ఉన్నట్టే, ర్యాంకు పడిపోయిందంతే. డొమైన్ మారాక కొన్నాళ్ళు అలా ఊగడం మామూలే. పాత డొమైన్ పేజీలు మాత్రమే కనిపిస్తే మార్పు ఇంకా నడుస్తోందని అర్థం. మార్పు పూర్తయిన తర్వాత కూడా, మీరు పాత పేరుతోనే అడిగారు కాబట్టి గూగుల్ కొన్నాళ్ళు పాత అడ్రసులే చూపిస్తుంటుంది. దాన్ని చూసి బెంబేలెత్తకండి.

రెండు పేర్లతోనూ ఏమీ రాకపోతే అప్పుడు అసలు సమస్య ఉన్నట్టు. అయితే ఈ వెతుకులాట ఉజ్జాయింపుకే పనికొస్తుంది. చివరి మాట సెర్చ్ కన్సోల్‌లోని (సైటు యజమానుల కోసం గూగుల్ పెట్టిన సాధనం) యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌ది. దాని దగ్గరికి తర్వాత వద్దాం.

నాలుగు గుమ్మాలూ తట్టి చూడాలి

పాత డొమైన్‌కి గుమ్మం ఒకటే అనుకుంటాం. నాలుగుంటాయి. హెచ్‌టీటీపీతో ఒకటి, దాని భద్రమైన రూపం హెచ్‌టీటీపీఎస్‌తో ఒకటి, మళ్ళీ ఆ రెండింటికీ ముందు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్నది, లేనిది. నాలుగూ కొత్త డొమైన్‌కే దారి చూపించాలి.

దీన్ని బ్రౌజర్లో చూడొద్దు. 301 రీడైరెక్ట్‌ని (శాశ్వతంగా మారామని చెప్పేది) బ్రౌజర్ ఒకసారి చూస్తే గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత సర్వర్‌లో అది విరిగిపోయినా మీకు మాత్రం పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది. పైగా అడ్రస్ చేత్తో టైప్ చేసినప్పుడు, హెచ్‌టీటీపీఎస్ గుమ్మం తెరుచుకోకపోతే క్రోమ్ చప్పుడు చేయకుండా హెచ్‌టీటీపీ గుమ్మంలోంచి వెళ్ళిపోవచ్చు. మాస్టారికి "బానే తెరుచుకుంటోంది కదా" అనిపించింది అందుకే.

విండోస్ 10, 11 కంప్యూటర్లలో కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. పవర్‌షెల్ వద్దు, పాత పవర్‌షెల్‌లో ఇదే మాటకి వేరే అర్థం ఉంది. ఇంగ్లిషులో కర్ల్ (curl) అని కొట్టి, ఖాళీ ఇచ్చి, హైఫన్ పక్కన క్యాపిటల్ ఐ, క్యాపిటల్ ఎల్ కలిపి కొట్టి, మళ్ళీ ఖాళీ ఇచ్చి పాత అడ్రస్ మొత్తం రాసి ఎంటర్ నొక్కండి. సర్వర్ ఏమంటోందో వరసగా కనిపిస్తుంది. మొదటి లైన్లో ఒక అంకె, కింద లొకేషన్ అనే లైన్లో ఎక్కడికి పొమ్మంటోందో ఆ అడ్రస్, ఆ తర్వాత కొత్త పేజీది 200 (పేజీ దొరికింది) అనే అంకె. ఇదీ ఆరోగ్యంగా ఉన్న రీడైరెక్ట్.

మాస్టారి సైటుకి హెచ్‌టీటీపీ గుమ్మాలు రెండూ 301 అన్నాయి, కొత్త అడ్రస్ చెప్పాయి. హెచ్‌టీటీపీఎస్ గుమ్మాలు రెండూ సర్టిఫికెట్ ఎర్రర్ ఇచ్చి ఊరుకున్నాయి. గూగుల్ దగ్గర ఇన్నేళ్ళుగా నమోదై ఉన్నవి ఆ హెచ్‌టీటీపీఎస్ అడ్రసులే.

ఎందుకలా జరిగిందంటే, డొమైన్ అమ్మినవాళ్ళ ప్యానెల్‌లో ఫార్వర్డింగ్ అనే ఉచిత సదుపాయం ఒకటి ఉంటుంది. హోస్టింగ్ వాళ్ళు దాన్ని ఆన్ చేసి చేతులు దులుపుకున్నారు. అలాంటి ఫార్వర్డింగ్ చాలాచోట్ల హెచ్‌టీటీపీకే పనిచేస్తుంది. హెచ్‌టీటీపీఎస్‌లో ముందు సర్టిఫికెట్ (ఈ పేరు నాదేనని సర్వర్ చూపించే గుర్తింపు పత్రం) చూపించాలి, ఆ తర్వాతే మాట. ఆ పేరుకి సర్టిఫికెట్ లేకపోతే "ఇటు పో" అని చెప్పే అవకాశమే సర్వర్‌కి రాదు. సైట్లు చదవడానికి గూగుల్ పంపే ప్రోగ్రాం గూగుల్‌బాట్ వచ్చింది, తాళం చూసింది, వెనక్కి పోయింది. పాత పేజీలు ఒక్కొక్కటీ జాబితాలోంచి జారిపోయాయి.

దీనికి మందు: ఫార్వర్డింగ్ ఆపేసి, డీఎన్ఎస్‌లో (ఏ పేరు ఏ సర్వర్‌కి పోవాలో చెప్పే పట్టిక) పాత డొమైన్ 'A' రికార్డుని మళ్ళీ మీ హోస్టింగ్‌కే తిప్పండి. హోస్టింగ్‌లో పాత పేరుని కూడా చేర్చి, దానికీ సర్టిఫికెట్ తీసుకుని, అక్కడ్నుంచి 301 పెట్టండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితమే, కానీ దాని ఆయుష్షు మామూలుగా 90 రోజులే. ఇందులో ఇంకో మెలిక ఉంది. సర్టిఫికెట్ రెన్యూ చేసేటప్పుడు పాత డొమైన్‌లో ఒక చిన్న ఫైలు ఉందో లేదో వాళ్ళు చూసే పద్ధతే ఎక్కువచోట్ల నడుస్తుంది. మీ రూలు ఆ అడ్రస్‌ని కూడా కొత్త డొమైన్‌కి తోసేస్తే అక్కడ ఆ ఫైలు దొరక్క రెన్యూవల్ ఆగిపోవచ్చు. మూడు నెలలు బ్రహ్మాండంగా నడిచి, ఆ తర్వాత ఒకరోజు అంతా పోతుంది. ఆ ఫైలు ఉండే ఒక్క ఫోల్డర్‌ని రూలు నుంచి మినహాయించండి.

కర్ల్ చూపించే అంకెల గురించి కొంత. 301, 308 శాశ్వతం. 302, 307 తాత్కాలికం. డొమైన్ మారినప్పుడు శాశ్వతమైనదే పెట్టాలి. 302 పెడితే గూగుల్ కొత్త అడ్రస్‌ని అసలు పట్టించుకోదని కాదు గానీ, ఆ సంకేతానికి బలం తక్కువ. పాత హెచ్‌టీటీపీ నుంచి పాత హెచ్‌టీటీపీఎస్‌కి, అక్కడ్నుంచి కొత్త హెచ్‌టీటీపీకి, అక్కడ్నుంచి మళ్ళీ ఇంకోచోటికి, ఇలా గొలుసుగా ఉంటే తగ్గించండి. గూగుల్‌బాట్ 10 గెంతుల దాకా వస్తుంది, అలాగని పది గెంతించక్కర్లేదు. ఒకటే ఉంటే మేలు.

గొలుసు అసలు ఆగకుండా తిరుగుతుంటే, సైటు ముందు క్లౌడ్‌ఫ్లేర్ (సందర్శకులకీ మీ సర్వర్‌కీ మధ్య నిలబడే సేవ) ఉంటే, దాని ఎస్ఎస్ఎల్ సెట్టింగ్ ఫ్లెక్సిబుల్‌లో ఉందేమో చూడండి. క్లౌడ్‌ఫ్లేర్ మీ సర్వర్‌తో హెచ్‌టీటీపీలో మాట్లాడుతుంది, మీ సర్వర్ హెచ్‌టీటీపీఎస్‌లో రమ్మంటుంది, గానుగెద్దు తిరిగినట్టు తిరుగుతుంది. సర్వర్‌లో సర్టిఫికెట్ పెట్టి, సెట్టింగ్‌ని ఫుల్ స్ట్రిక్ట్‌కి మార్చండి.

లోపలి పేజీలు, అందులోనూ తెలుగు అడ్రసులు

హోమ్ పేజీ బాగా మళ్ళుతోందని ఆగిపోవద్దు. లోపలి పేజీలు కనీసం పది తీసుకుని, అదే కర్ల్‌తో చూడండి. పాత గదుల పేజీ కొత్త గదుల పేజీకి పోవాలి. పాత పేజీలన్నిటినీ గంపగుత్తగా కొత్త హోమ్ పేజీకి మళ్ళిస్తే, అడిగింది ఒకటి, చూపించింది ఇంకొకటి అని గూగుల్ వాటిని సాఫ్ట్ 404గా లెక్కేస్తుంది. అంటే లేనట్టే.

తెలుగులో రాసేవాళ్ళకి ఇక్కడ ప్రత్యేకమైన తలనొప్పి ఒకటుంది. మాస్టారు బొర్రా గుహల మీద, అరకు రైలు మీద తెలుగులో మంచి వ్యాసాలు రాశారు. వాటి అడ్రసులు కూడా తెలుగులోనే. తెర మీద అవి తెలుగులా కనిపించినా, లోపల ప్రతి అక్షరం, ప్రతి గుణింతం గుర్తు, వత్తు తెచ్చే ప్రతి పొల్లు మూడేసి బైట్లు. అడ్రస్‌లోకి వచ్చేసరికి ఒక్కో బైటు ముందు శాతం గుర్తు చేరి, ఒక్కో ముక్క తొమ్మిది గుర్తులవుతుంది. "బొర్రా" అనే మాటనే విప్పి చూడండి: బ, ఒకార గుర్తు, ర, వత్తు తెచ్చే పొల్లు, మళ్ళీ ర, దీర్ఘం. ఆరు ముక్కలు, 54 గుర్తులు. వర్డ్‌ప్రెస్ పేజీ పేరుకి ఇచ్చే చోటు 200 గుర్తులు. అంటే తెలుగులో ఇరవై రెండు ముక్కలు పట్టేసరికి నిండిపోతుంది, మిగతాది తెగిపోతుంది.

అందుకే రీడైరెక్ట్ జాబితాని వ్యాసాల శీర్షికలు చూసి తయారుచేస్తే సగం అడ్రసులు తప్పుతాయి. పాత సైట్‌మ్యాప్‌లో (సైటులోని పేజీల అడ్రసుల జాబితా ఫైలు) ఉన్న అడ్రసుల్ని ఉన్నదున్నట్టు కాపీ చేసుకోండి. అపాచీ సర్వర్ అయితే ఇంకో సంగతి. అడ్రసులు మళ్ళించే రీరైట్ రూల్‌లో మీరు శాతం గుర్తులతో నమూనా రాస్తే అది పనిచేయదు. అపాచీ ముందే ఆ గుర్తులన్నీ విప్పేసి, ఆ తర్వాత పోల్చి చూస్తుంది. వెళ్ళాల్సిన అడ్రస్‌ని శాతం గుర్తులతో రాస్తే ఆ గుర్తునే మళ్ళీ ఎన్‌కోడ్ చేసేస్తుంది. కర్ల్ చూపించిన లొకేషన్ లైన్లో శాతం గుర్తు పక్కన ప్రతిసారీ 25 కనిపిస్తే ఇదే జరిగిందని తెలుసుకోండి. రూలు చివర ఎన్ఈ (NE) అనే ఫ్లాగ్ పెడితే ఆ రెండోసారి ఎన్‌కోడ్ చేయడం ఆగుతుంది.

నా సలహా అడిగితే, డొమైన్ తప్ప ఇంకేమీ మారనప్పుడు పేజీకొక రూలు రాయొద్దు. డొమైన్ పేరు తర్వాత ఏముంటే దాన్ని అలాగే కొత్త పేరు వెనక తగిలించే ఒకే ఒక రూలు చాలు. మాస్టారి సైటులో 43 రూల్స్ తీసేసి ఒకటి పెట్టాను.

కొత్తింటికి "లోపలికి రావద్దు" బోర్డు ఉందా?

పాత ఇంటి సంగతి అయింది. కొత్త సైటు తయారయ్యేటప్పుడు గూగుల్‌లో రాకుండా డెవలపర్లు అడ్డు పెడతారు. తీయడం మర్చిపోతారు. వర్డ్‌ప్రెస్‌లో సెట్టింగ్స్, అందులో రీడింగ్, అక్కడ సెర్చ్ ఇంజిన్లని రావద్దనే టిక్కు పెట్టె ఒకటుంటుంది. దాన్ని ఖాళీగా ఉంచాలి. తర్వాత పేజీ సోర్స్ తెరిచి నోఇండెక్స్ (noindex) అనే మాట ఉందేమో వెతకండి. పేజీలో లేకపోయినా సర్వర్ హెడర్‌లో ఉండొచ్చు. కర్ల్ కొట్టినప్పుడు ఎక్స్ రోబోట్స్ ట్యాగ్ (X-Robots-Tag) అనే లైన్ వస్తే చదవండి.

సెర్చ్ ఇంజిన్లు ఎక్కడికి రావచ్చో, రాకూడదో చెప్పే రోబోట్స్ ఫైలు విషయంలో చాలామంది తలకిందులుగా ఆలోచిస్తారు. పాత సైటు గూగుల్‌లోంచి త్వరగా పోవాలని పాత డొమైన్ రోబోట్స్ ఫైల్లో అన్నిటికీ అడ్డుకట్ట వేస్తారు. లోపలికే రానివ్వకపోతే గూగుల్‌బాట్ మీ రీడైరెక్ట్‌ని ఎలా చూస్తుంది? పాత గుమ్మం బార్లా తెరిచే ఉండాలి. ఆ ఫైల్లో చేసిన మార్పు గూగుల్‌కి తెలియడానికి ఒక రోజు దాకా పట్టొచ్చు, అయిదు నిమిషాలకోసారి చూసుకోనక్కర్లేదు.

"మీరు పదండి" అంటే "మీరే పదండి"

మాస్టారి సైటులో రెండో జబ్బు ఇది. పాత డొమైన్ కొత్తదానికి పంపిస్తోంది. కొత్త పేజీ సోర్స్‌లో, ఈ పేజీకి అసలు అడ్రస్ ఏదో చెప్పే కెనానికల్ లైన్ చూస్తే, అసలు అడ్రస్ పాత డొమైన్‌దే అని రాసి ఉంది! ఒక ఎస్ఈఓ ప్లగిన్‌లో పాత పేరు అలాగే ఉండిపోయింది. ఇద్దరూ ఒకరినొకరు చూపించుకుంటుంటే గూగుల్ ఎవరిని నమ్మాలి?

కెనానికల్, సైట్‌మ్యాప్, లోపలి లింకులు, బొమ్మల అడ్రసులు అన్నీ కొత్త పేరుతోనే ఉండాలి. రెండు భాషల సైటైతే, ఏ భాష పేజీ ఎక్కడుందో చెప్పే హెచ్‌ఆర్ఈఎఫ్‌ల్యాంగ్ లైన్లు కూడా. డేటాబేస్‌లోకి దిగి పాత పేరు తీసి కొత్త పేరు పెట్టేద్దామని నేరుగా ఎస్‌క్యూఎల్ కొట్టకండి. వర్డ్‌ప్రెస్ కొన్ని సెట్టింగుల్ని అక్షరాల లెక్కతో సహా దాచుకుంటుంది. పేరు పొడవు మారితే ఆ లెక్క తప్పి సెట్టింగే చెడిపోతుంది. ఆ లెక్కని కూడా సరిచేసే ప్లగిన్లున్నాయి, వాటితో చేయండి. ముందు బ్యాకప్ తీసుకోవాలని వేరే చెప్పాలా!

మన దేశం వాళ్ళకే ప్రవేశం

మూడో జబ్బు నాకు చివరిదాకా అంతుపట్టలేదు. అన్నీ సరిచేశాక కూడా సెర్చ్ కన్సోల్‌లో లైవ్ టెస్ట్ నొక్కితే 403 (ప్రవేశం లేదు) వస్తోంది. అదే పేజీ నా ఫోన్లో తెరుచుకుంటోంది, మాస్టారి ఫోన్లోనూ తెరుచుకుంటోంది. తీరా చూస్తే కొత్త హోస్టింగ్‌లో ఎవరో ఫైర్‌వాల్ రూలు పెట్టారు. విదేశాల నుంచి వచ్చే స్పామ్ ఆపడానికట, ఇండియా తప్ప మిగతా దేశాలన్నీ బంద్. గూగుల్‌బాట్ ఎక్కువగా అమెరికా ఐపీ అడ్రసుల నుంచి వస్తుంది. అరకు బసకి విదేశీ గిరాకీ లేకపోవచ్చు, విదేశాల నుంచి వచ్చే ఈ ఒక్క అతిథి మాత్రం రావాలి.

విశాఖలో కూర్చుని మనకి తెరుచుకుంటోందని చూసుకుంటే ఇది ఎప్పటికీ దొరకదు. లైవ్ టెస్ట్‌లోనే దొరుకుతుంది. సెక్యూరిటీ ప్లగిన్లు, బాట్లని ఆపే సెట్టింగులు కూడా ఇదే పని చేయగలవు.

సెర్చ్ కన్సోల్‌లో చేయాల్సినవి

పాత, కొత్త డొమైన్లు రెండూ మీ ఖాతాలో ధ్రువీకరించి ఉండాలి. పాతదాన్ని ఎప్పుడో ఫైలు పెట్టి ధ్రువీకరించి ఉంటే, రీడైరెక్ట్ పడ్డాక ఆ ఫైలు కనబడక కొన్నాళ్ళకి ధ్రువీకరణ ఊడిపోతుంది. డీఎన్ఎస్‌లో టీఎక్స్‌టీ రికార్డు పెట్టే పద్ధతిలో చేసుకుంటే ఆ బెడద ఉండదు.

తర్వాత పాత ప్రాపర్టీ (సెర్చ్ కన్సోల్‌లో ఒక్కో సైటుని ఇలా అంటారు) సెట్టింగ్స్‌లో చేంజ్ ఆఫ్ అడ్రస్ ఉంటుంది. 301లు సరిగ్గా పడ్డాకే దీన్ని నొక్కాలి. నొక్కాక 180 రోజుల పాటు గూగుల్ ఆ మార్పుని దృష్టిలో పెట్టుకుంటుంది. హెచ్‌టీటీపీ నుంచి హెచ్‌టీటీపీఎస్‌కి మారినప్పుడు దీని అవసరం లేదు.

కొత్త ప్రాపర్టీలో సైట్‌మ్యాప్ ఇవ్వండి. ముఖ్యమైన పేజీలకి యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్ చేసి ఇండెక్సింగ్ కోరండి. ఒకే పేజీకి పదిసార్లు నొక్కితే పదిరెట్లు త్వరగా రాదు. ఇన్‌స్పెక్షన్‌లో మీరు చెప్పిన కెనానికల్, గూగుల్ ఎంచుకున్న కెనానికల్ రెండూ కనిపిస్తాయి. రెండూ కొత్త డొమైన్‌వే అయితే గండం గడిచినట్టే.

పాత ప్రాపర్టీలో "పేజ్ విత్ రీడైరెక్ట్" అని వందలు చూసి భయపడి ఫోన్ చేసేవాళ్ళున్నారు. అది తప్పు కాదు, మనకి కావలసింది అదే. భయపడాల్సింది "రీడైరెక్ట్ ఎర్రర్" అని ఉంటే. పేజీలని గూగుల్‌లోంచి తాత్కాలికంగా తీయించే రిమూవల్స్‌లో కూడా ఓసారి చూడండి. పాత డొమైన్‌ని శుభ్రం చేద్దామని ఎవరైనా అక్కడ అర్జీ పెట్టి ఉంటే రద్దు చేయండి, లేకపోతే దాదాపు ఆరు నెలలు ఆ పేజీలు దాగి ఉంటాయి.

మాన్యువల్ యాక్షన్స్ (సైటుకి గూగుల్ వేసిన శిక్షలు) కొత్త ప్రాపర్టీలో తప్పనిసరిగా చూడాలి. కొత్త పేరు మీకు కొత్త, గూగుల్‌కి కాకపోవచ్చు. ఇంతకుముందు ఎవరో కొని, దాని మీద జూదం సైటు నడిపి వదిలేసి ఉండొచ్చు. ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఆ పేరు కొట్టి పాత రోజులు చూడండి. నిజానికి ఇది కొనేముందు చేయాల్సిన పని.

బింగ్‌కి విడిగా వెబ్‌మాస్టర్ టూల్స్ ఉన్నాయి, సెర్చ్ కన్సోల్ నుంచి సైట్లని అందులోకి తెచ్చుకోవచ్చు. గూగుల్ మ్యాప్స్‌లోని బిజినెస్ ప్రొఫైల్‌లో వెబ్‌సైట్ లింకు మార్చడం రెండు నిమిషాల పని, మాస్టారితో పాటు అందరూ మర్చిపోయేది కూడా అదే.

ఆ తర్వాత ఎన్నాళ్ళు?

మధ్యరకం సైటుకి చాలా పేజీలు మారడానికి కొన్ని వారాలు పడుతుంది. మాస్టారి హోమ్ పేజీ తొమ్మిదో రోజుకి వచ్చింది. బొర్రా గుహల వ్యాసం అందరికంటే ఆలస్యంగా అయిదో వారంలో వచ్చింది. ఈలోపు కార్తీక వనభోజనాల బుకింగులు సగం పోయాయి. అదే పని జూన్‌లో చేసి ఉంటే ఇంత నష్టం ఉండేది కాదు. సీజన్ గుమ్మంలో ఉండగా డొమైన్ మార్చకండి, ఎవరెంత తేలిక పని అన్నా సరే.

రీడైరెక్ట్‌ని కనీసం ఏడాది ఉంచమంటుంది గూగుల్. నేనైతే పాత డొమైన్‌ని వదలొద్దనే అంటాను. డాట్ కామ్ పేరు గడువు దాటి, అమ్మినవాళ్ళు దాన్ని రద్దు చేశాక, తిరిగి తెచ్చుకోవడానికి రిడెంప్షన్ అని 30 రోజులు, ఆ పైన 5 రోజులు, ఆ తర్వాత ఎవరైనా కొనుక్కోవచ్చు. పాత విజిటింగ్ కార్డులు, ఆటోల వెనక అంటించిన స్టిక్కర్లు, ఎవరో యాత్రికులు రాసిన రివ్యూల్లోని లింకులు, అన్నీ ఆ పేరు మీదే ఉన్నాయి. మాస్టారి ఆఫీసు గోడ క్యాలెండర్లో రెన్యూవల్ తేదీ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి వచ్చాను. పక్కనే చిన్నగా, 90 రోజులకోసారి సర్టిఫికెట్ చూసుకోమని.